ఓరుగల్లు చుట్టుపక్కల పండుగ తిండి తినాలంటే

పోయిన ఏడాది సద్దుల బతుకమ్మకు, అంటే బతుకమ్మ పండుగ చివరి రోజుకు, మా అక్క కూతురు హైదరాబాద్ నుంచి ఇద్దరు ఫ్రెండ్స్‌ని వెంటబెట్టుకుని హన్మకొండ వచ్చింది. బతుకమ్మ పండుగ తిండి తినాలని వాళ్ళ కోరిక. రైలు లేటయింది. పద్మాక్షి గుట్ట దగ్గరికి చేరేసరికి రాత్రి పదకొండు దాటింది. బతుకమ్మలు నీళ్ళలో సాగిపోయాయి, ఆడవాళ్ళు ఇళ్ళకు మళ్ళారు. నూడుల్స్ బండ్లు, పానీపూరి బండ్లు మాత్రం వెలుగుతున్నాయి. నేను నైట్ డ్యూటీ నుంచి పొద్దున ఇంటికి వచ్చేసరికి "ఇక్కడ పండుగ తిండి ఏం దొరకలేదు చిన్నమ్మా" అంది. నా మనసు చివుక్కుమంది. వాళ్ళు వెతికిన తిండి ఆ సాయంత్రం ఆ గుట్ట కింద వేలమంది చేతుల్లో ఉంది. అమ్మకానికి లేదు, అంతే.

ఇది ఆ పిల్లల కోసం, వాళ్ళలాంటి వాళ్ళ కోసం రాస్తున్నాను. నేను స్టాఫ్ నర్సుని. డ్యూటీలు మార్చుకుని పదిహేనేళ్ళుగా మా జిల్లాల్లో జాతరలకూ పండుగలకూ తిరుగుతున్నాను. నాకు అర్థమైంది ఒకటే. మా దగ్గర పండుగ తిండి కొట్లో దొరకదు. నైవేద్యంగానో, వాయినంగానో, మొక్కు భోజనంగానో ఒక చేతి నుంచి ఇంకో చేతికి వస్తుంది. ఆ చేయి ఏ పూట, ఎక్కడ తెరుచుకుంటుందో తెలుసుకుని వెళ్ళాలి. వెళ్ళేటప్పుడు మన చేతిలో కూడా ఏదో ఒకటి ఉండాలి.

తిథి చూశాకే టికెట్

మా పండుగలు ఇంగ్లిష్ తేదీలతో నడవవు. బతుకమ్మ భాద్రపద అమావాస్యతో మొదలవుతుంది. 2025లో సెప్టెంబర్ 21న మొదలై 30న సద్దులు అయ్యాయి. ఈ 2026లో అధిక జ్యేష్ఠం వచ్చింది కాబట్టి పండుగ అక్టోబర్ రెండో వారంలోకి జరిగింది. పోయినసారి తేదీ గుర్తుపెట్టుకుని లీవు పెట్టిన మా తోటి సిస్టర్ ఒకామె ఇప్పుడు మళ్ళీ లీవు మార్చుకుంటోంది. క్యాలెండర్ చూశాక కూడా ఆ ఊరివాళ్ళకు ఒక ఫోన్ చేయండి. తిథి రెండు రోజుల మీద పడితే ఒక ఊరు ఈ రోజు చేస్తుంది, పక్క ఊరు రేపు చేస్తుంది.

ఊరి ఆచారం కూడా ముఖ్యమే. వేములవాడలో సద్దుల బతుకమ్మ ఏడో రోజుకే అయిపోతుంది. అక్కడ మెట్టిన ఆడపిల్లలు అత్తగారింట్లో ఆడి, తొమ్మిదో రోజుకు పుట్టింటికి వెళ్ళి మళ్ళీ ఆడుకోవచ్చని అక్కడివాళ్ళు చెబుతారు. తెలియక తొమ్మిదో రోజు వేములవాడ వెళ్తే ఏమీ ఉండదు. తెలిసి వెళ్తే మాత్రం ఒకే ఏడాది రెండు సద్దులు చూడవచ్చు. ఏడో రోజు రాజన్న దగ్గర, తొమ్మిదో రోజు మా హన్మకొండలో. నేను రెండుసార్లు అలా చేశాను.

తొమ్మిది రోజుల్లో మీకు ఏ రోజు కావాలి?

బతుకమ్మ అంటే అందరికీ చివరి రోజే గుర్తుంటుంది. నన్నడిగితే తిండి కోసం వచ్చేవాళ్ళు మధ్య రోజుల్లో ఒకటి కూడా ఉండి చూడాలి. మొదటి రోజు ఎంగిలిపూల బతుకమ్మ, హన్మకొండ వేయిస్తంభాల గుడి దగ్గర జనం కిక్కిరిసిపోతారు. ఆ రోజు నువ్వులు, నూకలతో నైవేద్యం. తర్వాత అటుకుల బతుకమ్మకు అటుకులు, బెల్లం. ముద్దపప్పు బతుకమ్మకు పేరులోనే ఉంది. నానబియ్యానికి నానబెట్టిన బియ్యంలో పాలు, బెల్లం. ఐదో రోజు అట్లు. ఆరో రోజు అలిగిన బతుకమ్మ. ఆ రోజు నైవేద్యం ఉండదు, బతుకమ్మను కూడా పేర్చరు. తినడానికని ఆ రోజు రాకండి. ఏడో రోజు వేపకాయల బతుకమ్మకు బియ్యప్పిండిని వేపకాయల్లా చుట్టి వేయిస్తారు. ఎనిమిదో రోజు వెన్నముద్దలు.

వేపకాయల రోజు నాకు చాలా ఇష్టం. చిన్నపిల్లలు కూడా పీట మీద కూర్చుని పిండి ఉండలు నలుపుతారు. ఒక్కోటీ ఒక్కో సైజు వస్తుంది. మా అమ్మ అన్నీ కలిపే వేయించేది. చిన్నవి కరకరలాడేవి, పెద్దవి లోపల మెత్తగా ఉండేవి. పిల్లలం ఎవరి వేపకాయ ఏదో గుర్తుపట్టి ఏరుకునేవాళ్ళం.

సద్దుల రోజు విషయానికి వస్తే, సాయంత్రం నాలుగింటికల్లా హన్మకొండలో ఉండాలి. అప్పటికి ఇళ్ళలో బతుకమ్మ పేర్చడం అయిపోవస్తుంది. తాంబాళంలో గునుగు, తంగేడు, బంతి వరసలు వరసలుగా లేస్తాయి, పైన పసుపు గౌరమ్మ. వంటింట్లో ఐదు రకాల సద్దులు సిద్ధంగా ఉంటాయి. పులిహోర సద్ది, పెరుగు సద్ది, కొబ్బరి సద్ది, నువ్వుల సద్ది, నిమ్మకాయ సద్ది. ఇళ్ళను బట్టి ఒకటి రెండు మారతాయి. మా ఇంట్లో నిమ్మకాయకు బదులు పల్లి సద్ది చేస్తాం. ఒక్కటే తినగలం అనుకుంటే నువ్వుల సద్ది అడగండి. నువ్వులు, ఎండుమిరపకాయలు వేయించి దంచిన పొడి వేడి అన్నంలో కలిపితే వచ్చే వాసన హోటల్లో దొరకదు.

అసలైన ఘడియ బతుకమ్మను నీళ్ళలో వదిలాక వస్తుంది. ఆడవాళ్ళు గట్టు మీద గుంపులుగా కూర్చుని స్టీలు డబ్బాలు విప్పుతారు. వాటిలో సత్తు ఉంటుంది. పల్లి సత్తు, నువ్వుల సత్తు, పెసర సత్తు, మక్క సత్తు. గింజను సన్నని సెగ మీద వేయించి, పొట్టు చెరిగి, చక్కెరో బెల్లమో వేసి దంచినదే సత్తు. "ఇస్తినమ్మ వాయినం" అని ఒకరు పెడితే "పుచ్చుకుంటినమ్మ వాయినం" అని ఇంకొకరు అందుకుంటారు. మీరు ఎవరో వాళ్ళకు తెలియకపోయినా అరచేయి చాపితే పెడతారు. కుడిచేయి చాపండి, కింద ఎడమచేయి ఆనించండి. సత్తు పొడిగా ఉంటుంది కాబట్టి నోట్లో వేసుకున్న వెంటనే నవ్వినా మాట్లాడినా పొలమారుతుంది. కాసేపు నాలుక మీద ఉంచండి. పల్లి సత్తు అయితే నూనె వదులుతూ ముద్దలా మారుతుంది, మక్క సత్తు మాత్రం చివరి దాకా ఇసుకలా తగులుతూ కాల్చిన కంకి వాసన ఇస్తుంది. అప్పుడు మింగండి.

ఒట్టి చేతులతో వెళ్ళకండి అన్నది ఇందుకే. ఒక చిన్న డబ్బాలో మీరు చేసుకున్నదేదైనా తెచ్చుకోండి. వంట రాకపోతే వేయించిన పల్లీలు, బెల్లం మిక్సీలో తిప్పినా చాలు, పల్లి సత్తు అయినట్టే. మీ డబ్బా తెరిచిన క్షణం మీరు ఆ వరసలో మనిషి అయిపోతారు. మగపిల్లలు కూడా నిస్సంకోచంగా రావచ్చు. ఆడవాళ్ళ వలయంలోకి చొరబడి ఫోన్లు పైకెత్తకుండా, అమ్మతోనో అక్కతోనో గట్టు మీద కూర్చుంటే వాళ్ళ అరచేతిలోనూ సత్తు పడుతుంది.

సకినాలు తినాలంటే సంక్రాంతి రోజు ఆలస్యమే

సంక్రాంతికి వారం పది రోజుల ముందే మా వీధుల్లో సకినాల పని మొదలవుతుంది. పండుగ రోజు వస్తే డబ్బాలోవి పెడతారు. అవీ బాగుంటాయి. కానీ నూనెలోంచి తీసిన సకినం వేడిగా కొరికితే ఎలా ఉంటుందో తెలియాలంటే చుట్టే రోజే రావాలి.

ఎలా రావాలంటే, పనికి రావాలి. సకినాలు ఒక్కరితో అయ్యే పని కాదు. వాడకట్టులోని ఆడవాళ్ళు ఒక రోజు ఒకరింట్లో, మరునాడు ఇంకొకరింట్లో కూర్చుంటారు. తెలిసినవాళ్ళ ద్వారా "మేమూ చేయి వేస్తాం" అని కబురు పెడితే కాదనేవాళ్ళు లేరు. కొత్త బియ్యం రాత్రంతా నానబెట్టి, నీళ్ళు వంచి, తడి ఉండగానే గిర్నీకి పట్టుకుపోతారు. ఆ తడి పిండిలో నువ్వులు, వాము, ఉప్పు కలిపి, నీళ్ళు చిలకరిస్తూ కలుపుతారు. కింద తెల్లటి నూలు బట్ట పరుస్తారు. అది పిండిలోని అదనపు తడిని పీల్చుకుంటుంది. బొటనవేలు, చూపుడువేళ్ళ మధ్య పిండిని మెలితిప్పుతూ బట్ట మీదకు వదులుతూ పోవాలి. ఒక చుట్టు, దాని బయట ఇంకో చుట్టు, ఇలా మూడో నాలుగో. మెలిక పడకపోతే సకినం కాదు, ఒట్టి పిండి తాడు. పిండి ఆరితే తెగుతుంది, నీళ్ళు ఎక్కువైతే పరుచుకుంటుంది. మా అమ్మ పక్కన తడిగుడ్డ పెట్టుకుని పిండి గిన్నె మీద కప్పుతూ తీస్తూ ఉండేది. నాకు మెలిక కుదరడానికి మూడు సంక్రాంతులు పట్టింది. మొదటి రోజు మీకూ రాదు. నువ్వులు ఏరడం, ఆరినవాటిని పళ్ళెం మీదకు తీసి పొయ్యి దగ్గరికి చేర్చడం, ఇవీ పనులే. పళ్ళెం మీద విరగకుండా తీయడం కూడా ఒక విద్యే.

పెళ్ళయిన కూతురి ఇంటికి పుట్టింటివాళ్ళు సకినాలు పంపడం మా దగ్గర రివాజు. అందుకే కొన్ని ఇళ్ళలో బుట్టల కొద్దీ చేస్తారు. అలాంటి ఇల్లు దొరికితే మీ అదృష్టం. అదే రోజు మిగిలిన పిండితో సర్వపిండి కూడా చేస్తారేమో అడిగి చూడండి. సర్వ అంటే గుండ్రటి గిన్నె, దాని లోపలి గోడకు పిండిని పలచగా అద్ది, వేలితో గుంతలు పెట్టి, గుంతల్లో నూనె చుక్కలు వేసి మూత పెడతారు. అడుగు ఎర్రగా మాడీ మాడకుండా ఉన్న ముక్క కోసం మా ఇంట్లో ఇప్పటికీ పోటీయే.

మల్లన్న దగ్గర, మేడారంలో

సంక్రాంతికే ఐనవోలు మల్లన్న జాతర మొదలవుతుంది. హన్మకొండ నుంచి దగ్గరే. కొమురవెల్లిలో అయితే సంక్రాంతి నుంచి ఉగాది దాకా ప్రతి ఆదివారం జాతరే. ఈ జాతరల్లో మల్లన్నకు బోనం పెడతారు. బోనం అంటే భోజనమే. అక్కడే పొయ్యి పెట్టి కొత్త కుండలో వండి, పసుపు కుంకుమలు పెట్టి, పైన దీపంతో నెత్తిన ఎత్తుకుని నడుస్తారు. దేవుడికి చూపాక ఆ అన్నాన్నే ఇంటిల్లిపాదీ తింటారు. పొయ్యిల వరసల మధ్య నడిచేటప్పుడు ఎవరి కుండా తగలకుండా, చెప్పులతో పొయ్యి దాటకుండా నడవండి. "ఏ ఊరు మీది?" అని పలకరిస్తే చాలు, "కూర్చో బిడ్డా, ఒక ముద్ద తిను" అనడం మా ఊళ్ళవాళ్ళ నోటికి అలవాటు. ఆ ముద్దను కాదనకండి.

మేడారం సంగతి వేరు. ములుగు జిల్లా తాడ్వాయి మండలంలో, అడవిలో, రెండేళ్ళకు ఒకసారి మాఘ పౌర్ణమికి వచ్చే సమ్మక్క సారలమ్మల జాతర. 2026లో జనవరి 28 నుంచి 31 దాకా జరిగింది. అక్కడి ప్రసాదం బెల్లం. దాన్ని బెల్లం అనకూడదు, బంగారం అనాలి. మొక్కుకున్నవాళ్ళు తమ ఎత్తు బంగారం తూకం వేయించి తల్లులకు సమర్పిస్తారు. తల్లులను నిలిపే అరుగులైన గద్దెల దగ్గర దొరికిన చిన్న బంగారం ముక్కను ఇంటికి తెచ్చి చుట్టాలందరికీ పంచుతాం. మా వార్డులో ఆయమ్మలు, డాక్టర్లు కూడా జాతర తర్వాత వారం అడుగుతారు, "బంగారం తెచ్చినవా సిస్టర్?" అని.

వంట విషయంలో మేడారం మొత్తం ఒక పెద్ద వంటిల్లు. చెట్ల కింద మూడు రాళ్ళ పొయ్యిలు, కోడికూర, బగారన్నం. మీరు కూడా వండుకునే ఏర్పాటుతోనే వెళ్ళాలి. ఉప్పు, కారం, పసుపు, అల్లంవెల్లుల్లి ఇంట్లోనే డబ్బాలకు ఎత్తుకోండి. గిన్నెలు పెద్దవి రెండు చాలు. జంపన్నవాగులో స్నానం చేయండి కానీ ఆ నీళ్ళు వంటకు వాడకండి. తాగే నీళ్ళు, వండే నీళ్ళు నల్లా నుంచో క్యాన్లతోనో తెచ్చుకోండి. జాతర రోజుల్లో హన్మకొండ నుంచి ఆర్టీసీ స్పెషల్ బస్సులు నడుస్తాయి. బస్సు గద్దెలకు దగ్గర దాకా వెళ్తుంది, సొంత కారు దూరంగా ఆపి నడవాలి. బుధవారం సారలమ్మ, గురువారం సమ్మక్క గద్దెకు వస్తారు. చిన్నపిల్లలుంటే ఆ రెండు రోజుల రద్దీ వద్దు. జాతరకు రెండు మూడు వారాల ముందే వెళ్ళిరండి. అప్పుడూ జనం ఉంటారు, పొయ్యికి చోటు కూడా ఉంటుంది. మధ్య ఏడాదిలో వచ్చే మినీ జాతర తొలిసారి వెళ్ళేవాళ్ళకు ఇంకా నయం.

పిలిస్తే వెళ్ళాల్సినవి

పర్వతగిరి మండలంలోని అన్నారం దర్గాకు అన్ని మతాలవాళ్ళూ మొక్కు తీర్చుకోవడానికి వస్తారు. మేకపోతును కోసి, అక్కడే వండి, బంధువులను కూర్చోబెట్టి తినిపించడాన్ని కందూరు అంటారు. ఇది ఒక కుటుంబం మొక్కు, కాబట్టి పిలుపు ఉంటేనే కూర్చోవాలి. వరంగల్‌లో ఎవరిని పరిచయం చేసుకున్నా ఏడాదిలో ఒక కందూరు దావత్‌కు పిలుపు రాకపోదు. వెళ్ళేటప్పుడు పండ్లో మిఠాయో పట్టుకెళ్ళండి.

శ్రావణంలో మహబూబాబాద్ వైపు తండాల్లో తీజ్ జరుగుతుంది. పెళ్ళికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమ మొలకలు తొమ్మిది రోజులు పెంచుతారు. రొట్టె, బెల్లం, నెయ్యి కలిపి నలిపిన చుర్మో అప్పుడే తినాలి. మా ఆస్పత్రిలో పనిచేసే లంబాడా సిస్టర్ ఒకామె మొదటిసారి తీసుకెళ్ళింది. ఆ మొలకల బుట్టలను బయటివాళ్ళం తాకకూడదని ముందే చెప్పింది. అలా చెప్పే మనిషి తోడు లేకుండా తండాకు వెళ్ళవద్దనే నా సలహా. ఆదిలాబాద్ జిల్లా కేస్లాపూర్ నాగోబా జాతరకు కూడా ఇదే వర్తిస్తుంది. పుష్య అమావాస్య రాత్రి గోండుల్లోని మెస్రం వంశస్తులు చేసే పూజ, వాళ్ళ నైవేద్యం వంట వాళ్ళ సొంతం. మనం తర్వాతి రోజుల జాతరలో తిరగవచ్చు. ఆ దారిలో ఉట్నూరు వైపు ఇప్పపువ్వు లడ్డు దొరికితే తప్పక కొనండి.

కడుపు జాగ్రత్త

ఇది నర్సుగా చెబుతున్నాను. ఆరేళ్ళ కిందట ఒక జాతరలో మా చిన్నోడు కొబ్బరన్నం కావాలని ఏడిస్తే ఒక బండి దగ్గర కొనిచ్చాను. మధ్యాహ్నం వండింది, మేము తిన్నది రాత్రి ఎనిమిదింటికి. తెల్లారేసరికి వాంతులు, రెండు రోజులు సెలైన్. వండిన అన్నం గంటల తరబడి వేడి వాతావరణంలో ఉంటే అందులో పెరిగే బ్యాక్టీరియా వదిలే విషం మళ్ళీ వేడి చేసినా పోదు. అందుకని ఎప్పుడు వండారో అడగడానికి మొహమాటపడకండి. సద్దుల్లో కొబ్బరి సద్ది ముందు పాడవుతుంది, పెరుగు సద్ది పులుస్తుంది, చింతపండు పులిహోర ఎక్కువసేపు ఆగుతుంది. కాబట్టి తినేటప్పుడు కూడా ఆ వరసలోనే తినండి, పులిహోర చివరికి. సత్తు, సకినాలు తడి తగలకపోతే రోజుల తరబడి ఉంటాయి, ఊరికి పట్టుకెళ్ళడానికి అవే మంచివి.

బ్యాగులో స్టీలు పళ్ళెం, గ్లాసు, సబ్బు ముక్క, ఓఆర్ఎస్ ప్యాకెట్లు రెండు పెట్టుకోండి. ఓఆర్ఎస్ ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్ళలోనే కలపాలి, సగం గ్లాసులో సగం ప్యాకెట్ అంటూ అంచనాగా కలపకూడదు. స్టీలు పళ్ళెం ఎందుకంటే, జాతర అయ్యాక మేడారంలో గుట్టలుగా మిగిలే థర్మాకోల్ ప్లేట్లను చూస్తే గుండె తరుక్కుపోతుంది. మోదుగ విస్తరి దొరికితే ఇంకా మంచిది. తిన్నాక మట్టిలో కలిసిపోతుంది.

వంట ఎలా చేశారో అడగాలనిపిస్తే వండిన మనిషినే అడగండి, తిన్న తర్వాత అడగండి. కొలతలు చెప్పమంటే మా అమ్మలు "చేతికి వచ్చినంత" అంటారు. ఆ చేతిని చూడండి. పిడికిలి ఎంత మూసిందో చూసి, ఇంటికి వెళ్ళాక మీ పిడికిలితో కొలుచుకుని రాసిపెట్టుకోండి. నేను నువ్వుల సద్ది పొడి అలాగే నేర్చుకున్నాను. మా మేనత్త గుప్పెట నా గుప్పెట కన్నా చిన్నది కాబట్టి మిరపకాయలు రెండు తగ్గించాను.

ఈసారి మా అక్క కూతురు సద్దులకు ముందు రోజే వస్తానంది. మళ్ళీ ఆ ఇద్దరు ఫ్రెండ్స్‌నే తీసుకొస్తుందట. పల్లి సత్తుకు రెండు కిలోల పల్లీలు తెచ్చి పెడతాను, వేయించడం, పొట్టు చెరగడం ముగ్గురి పని. డబ్బాలు మూడు కడిగి ఉంచుతాను.